బోరు పైపుతో చేసిన కత్తి ఒర

మా ఆయన కుడి తొడ మీద జానెడు పొడుగు మచ్చ ఒకటి ఉంది. కుట్లు వేసిన చోట రెండు పక్కలా చుక్కలు పడి, దూరం నుంచి చూస్తే జెర్రి పాకుతున్నట్టు ఉంటుంది. ఆయన పంచె ఎగగట్టినప్పుడల్లా నా కళ్ళు అక్కడికే పోతాయి. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

మేము గౌండ్ల వాళ్ళం. తాటిచెట్లు గీసి కల్లు తీయడం మా ఇంటి పని. ఊరు కరీంనగర్ జిల్లాలో, జగిత్యాల దాటి గోదావరి వైపు పోయే తొవ్వలో ఉంది. చెట్టెక్కే మనిషి నడుముకు వెనకవైపు కత్తి ఉంటుంది. అది కూరలు కోసే కత్తిలా ఉండదు. అరచేయంత వెడల్పు, కొంచెం వంపు, వెంట్రుక ఆనిస్తే తెగేంత పదును. రెండు పూటలా చెట్టెక్కి గెలను ఆకు మందాన చెక్కాలి. కత్తి మొద్దుబారితే గెల నలిగి ఎండిపోతుంది. అందుకని మా ఆయన రోజూ పొద్దున పెరట్లో కూర్చొని, ఒక చెక్క మీద పలుగురాయి పొడి చల్లి కత్తి నూరేవాడు. పెళ్ళయి వచ్చిన మరునాటి నుంచి నేను ఆ చప్పుడుకే నిద్రలేచాను. అంత పదునైన ఇనుమును ఒంటికి కట్టుకొని చెట్టెక్కే మనిషికి, ఆ పదునుకు నడుమ ఉండేది ఒక తోలు ఒర మాత్రమే.

ఆ ఒర మా మామ కాలం నాటిది. ఆయన పోయాక కొడుకు నడుముకు వచ్చింది. కుట్లు వదులైన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఒక సంవత్సరం నడిపించాము. బీదవాళ్ళ ఇంట్లో చాలా వస్తువులు అట్లాగే నడుస్తాయి.

తొలి వానలు పడిన వారం అది. తాటిబోదె తడిసి జారుగా ఉంది. సగం ఎత్తులో ఆయన కాలు పట్టు తప్పింది. చెట్టును, మనిషిని కలిపి కట్టే తాడును మోకు అంటారు. ఆ మోకు పట్టుకుంది కాబట్టి కింద పడలేదు. చెట్టును కావలించుకొని నాలుగు నిలువుల దూరం జారాడు. ఆ జారడంలో ఒర బోదెకు రాసుకొని అడుగు కుట్టు విడిపోయింది. కత్తి కిందికి దిగి తొడను చీల్చింది.

కరీంనగర్ పెద్ద దవాఖానాలో కుట్లు వేశారు. రెండు వేళ్ళు పక్కకు పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నా రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. అంత సందు.

నాలుగు నెలలు ఆయన మంచం మీద ఉన్నాడు. మా చెట్లు పాలివాళ్ళు, అంటే మా దాయాదులు, గీశారు. నేను కలుపుకు, కోతకు, ఎవరు పిలిస్తే వారి చేనుకు పోయాను. ఇంటికి వచ్చి పుండు కడిగి, కట్టు మార్చి, పొయ్యి వెలిగించేదాన్ని. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ నాలుగు నెలలు నాకు లోపల ఒక నెమ్మది ఉండేది. ఇక ఈయన చెట్టెక్కడేమో, కూలో నాలో చేసుకొని నేల మీదే బతుకుతామేమో అనుకున్నాను. ఆ ఆశ ఆయన లేచి నాలుగడుగులు వేసిన రోజునే పోయింది. గోడ పట్టుకొని పెరట్లోకి నడిచి, మొదట అడిగిన మాట ఇదీ:

"ఒర ఏడ వెట్టినవే?"

తీసి ఇచ్చాను. విడిపోయిన అడుగును కట్టుతీగతో కుట్టి, పైన పాత పంచె పేలిక చుట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"కొత్తది కుట్టించుకోరాదు?" అన్నాను.

"ఎవలు కుడ్తరే? కుట్టే ముసలాయనకు కండ్లు వోయినయి. కొడుకులు బొగ్గుబాయిలల్ల కొలువుల వడ్డరు. జగిత్యాల బజార్ల అమ్ముతరా నా కత్తికి ఒర?"

అయినా ఒకసారి ఆ ముసలాయన దగ్గరికి పోయాను. చుట్టు నాలుగూళ్ళలో చెట్టెక్కే ప్రతి మనిషి ఒరా ఆయన చేతిదే. గుడిసె ముందు కూర్చొని ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టి, "బిడ్డా, నాకు సూది ఏడున్నదో తెల్వది, దారం ఏడున్నదో తెల్వది. నేను కుడితె నీ పెనిమిటికి ఇంకో తొడ కోసుకపోతది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగి వచ్చాను.

ఆ ఎండాకాలం ఒక రైతు చేన్లో బోరు వేశారు. నేను అక్కడ గడ్డి కోతకు పోయాను. బోరువాళ్ళు తెచ్చిన పైపులు ప్లాస్టిక్‌వి. ఒకదానిలో ఒకటి దూర్చాలంటే ఒకడు ఎండుగడ్డి వెలిగించి, పైపు మూతిని ఆ మంట మీద తిప్పుతున్నాడు. కొంతసేపటికి ఆ మూతి మెత్తబడింది. రెండో పైపును అందులోకి నెట్టి తడిబట్ట చుట్టాడు. చల్లారాక చేత్తో కొట్టాడు. ఠంగుమంది. నేను కొడవలి పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాను.

"ఏం జూస్తున్నవక్కా?"

"గది సల్లారినంక మల్ల మెత్తబడదా?"

"ఎందుకు మెత్తబడతది? రాయి లెక్కుంటది."

"ఓ ముక్క ఇయ్యరాదు?"

"ఏం జేస్తవ్? పొయ్యి ఊదుతవా?"

"గంత లావు గొట్టంతోని ఊదితె పొయ్యే ఎగిరిపోతది తీ" అని ఇంకొకడు అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, కోసి పారేసిన ముక్కలన్నీ, ఇరవై దాకా, ఇచ్చారు. గడ్డిమోపు మీద పెట్టుకొని ఇంటికి తెచ్చాను. ఆ ముక్కల మీద నల్లగా ఏవో అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి. నాకు అప్పటికి ఏ అక్షరమూ రాదు.

మొదటి ముక్కను గడ్డిమంట మీదే పెట్టాను. మసిబారి, బుడగలొచ్చి, కళ్ళు మండే పొగ లేచింది. బోరువాడి చేతికి ఉన్న అలవాటు నా చేతికి లేదు. రెండో ముక్కను రంపంతో నిలువునా చీల్చి, జొన్నరొట్టెలు కాల్చే పెనం మీద వేశాను. కింది పక్క మాడింది, పైపక్క అట్లాగే బిర్రుగా ఉంది. మరునాడు మా అత్త రొట్టె తుంచి నోట్లో పెట్టుకొని ఉమ్మేసింది.

"రొట్టె పైపు వాసనొస్తున్నది. మొగనికి ఒరనో ఏమో గని, ఇంటిల్లిపాదికి తిండి లేకుంట జేస్తున్నవ్ పిల్లా."

మా అత్త బక్కమనిషి. మాట మాత్రం బరువు. మామ చెట్టు మీది నుంచే పోయాడు. కత్తి వల్ల కాదు, మోకు తెగి. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తేది కాదు.

తొలి ఏకాదశికి ఆమె పేలాలు వేయించింది. మంగలంలో, అంటే పగిలిన కుండ అడుగులో, ఇసుక పోసి పొయ్యి మీద పెడతారు. ఇసుక కాగాక జొన్నలు చల్లితే చిటపట పేలుతాయి. గింజ ఏ పక్కా మాడదు. ఎందుకంటే ఇసుక అన్ని పక్కలా పట్టుకుంటుంది. ఆ రోజు పేలాలు జల్లెడ పడుతూ పడుతూ నా చెయ్యి ఆగిపోయింది. పండుగ దాటగానే ఆ మంగలం అడిగాను. మా అత్త ఇయ్యనంది. ఆ పక్కనే పడి ఉన్న ఇంకో కుండ అడుగు తీసుకొని వాగు ఇసుక పోసుకున్నాను.

ఇసుకలో పెట్టిన ముక్క ఎక్కడా మాడకుండా, పాత తోలులాగా మెత్తబడింది. ఎంత కాక, ఎంత వేడి కావాలో తెలుసుకోవడానికే పది రోజులు పట్టింది. చివరికి జొన్నగింజే చెప్పింది. ఇసుక మీద నాలుగు గింజలు వేస్తే, అవి పేలితే కాక ఎక్కువయింది, ముక్క పాడవుతుంది. తెల్లగానే ఉంటే తక్కువయింది, వంగదు. పేలకుండా ఎర్రబడితే సరిపోయింది. అప్పుడు ముక్కను పాతిపెట్టి, నోట్లో ఒక పాట రెండుసార్లు అనుకొని తీసేదాన్ని.

మెత్తబడిన ముక్కను మడిచి కత్తి ఆకారం తేవాలి. తిరగలి రాయి మీద పెట్టి నొక్కితే నొక్కిన చోటే వంగుతుంది. చల్లారక ముందే తీస్తే కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. రెండు పక్కలా సమానంగా నొక్కి, చల్లారేదాకా ఆ నొక్కుడు వదలకుండా పట్టుకోవాలి. మనిషి చేతులకు అంత ఓపిక ఉండదు. ఏదో ఒక ఒత్తుడు మొద్దు కావాలి.

ఇంకో చిక్కు కత్తితో వచ్చింది. లోపల కత్తి పెట్టి నొక్కితేనే దాని ఆకారం దిగుతుంది. మా ఇంట్లో గీతకత్తిని ఆడది ముట్టకూడదు. ముట్టిన కత్తితో గీస్తే చెట్టు కల్లు పారదని మా వాళ్ళ నమ్మకం. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా కత్తి ఉన్న మూల వదిలిపెట్టి ఊడ్చేదాన్ని. మా ఆయనకు ఆ పట్టింపు అంతకంటే ఎక్కువ.

"కాకల వెట్టి కత్తి పదును దీస్తవా? నా పానం తీసినా ఊకుంట గని, దాని జోలికి రాకు" అన్నాడు.

"నీ పానం కోసమే గద చేస్తున్న" అన్నాను.

"నా పానం నేను సూసుకుంట తీ."

చివరికి చలికాలం చివర్న, వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర కట్టెతో అదే కొలతకు ఒక కత్తి చెక్కించాను. మా ఆయనే కత్తి పట్టుకొని పోయి చూపించాడు. అప్పుడే గోదావరి అవతల, ఆదిలాబాద్ వైపు ఊళ్ళో కమ్మరి దగ్గర కొత్త కత్తి కొట్టించి తెచ్చాడు. ఆ కొత్త కత్తి కొలతకే కట్టెకత్తి తయారయింది. అందులో ఉన్న తప్పు ఆ రోజు ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఒత్తుడు మొద్దుకు నేను పడిన పాట్లు చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు ఏడుపొచ్చేది. పశువుల కొట్టం పాత తలుపు చెక్కలు రెండు తీసుకున్నాను. చెక్కల లోపలి పక్క మెత్తగా ఉండాలి, లేకపోతే వంపు దగ్గర పట్టదు. ట్రాక్టరు ట్యూబు ముక్కలు, వాటి కింద చినిగిన బొంత మడతలు పెట్టి మేకులు కొట్టాను. రెండు చెక్కల నడుమ ప్లాస్టిక్ ముక్క, దాని మడతలో కట్టెకత్తి. పైన విరిగిన ఎడ్లబండి నొగ. నొగ ఒక కొసను గోడ బొక్కలో దూర్చి, రెండో కొస మీద కూర్చున్నాను. మట్టిగోడ. రెండు పెళ్ళలు ఊడి, నొగ లేచి, నేను కింద పడ్డాను. నడుము పట్టేసింది. వారం రోజులు కూలికి పోలేదు.

మళ్ళీ లేచి, స్నానాలు చేసే బండ కింద మట్టి తవ్వి నొగ కొసను అక్కడ దూర్చాను. ఆ బండను నలుగురు లేపలేరు. అది కదలలేదు. అయితే నా ఒక్కదాని బరువు చాలలేదు. ముక్క మూతి దగ్గర ఎత్తుగానే ఉండిపోయింది. అరుగు మీది నుంచి మా అత్త చూస్తూ ఉంది.

"జర వచ్చి కూసో అత్తమ్మా."

"నా బరువెంతనే? నన్ను వెట్టినా పిట్టను వెట్టినా ఒకటే."

"పిట్ట అయితె ఎగిరిపోతది. నువ్వు చుట్ట తాగుకుంట కూసుంటవ్ గద."

సణుగుతూ వచ్చి నా వెనక కూర్చుంది. చుట్ట వెలిగించింది. ఇద్దరం వీపుకు వీపు ఆనించి కూర్చున్నాము. ఎంతసేపు కూర్చోవాలో మాకు తెలియదు. చుట్ట అయిపోయాక లేచి చూస్తే, ముక్క చల్లారి, కట్టెకత్తిని గట్టిగా పట్టుకొని ఉంది. అప్పటి నుంచి అదే మా లెక్క. ఒక ఒరకు ఒక చుట్ట.

అయినా మొదటి ఏడు ముక్కలు పాడయ్యాయి. ఒకటి వంపు దగ్గర పగిలింది, ఒకటి వంకరపోయింది, ఒకటి నేను ఒరిగి కూర్చోవడం వల్ల చెడిపోయింది. ఇవన్నీ కూలి నుంచి వచ్చి, వంట చేసే నడుమ చేసినవే. కాళ్ళు గుంజేవి. అయినా ముక్క ఇసుకలో వేశాక మధ్యలో లేవడానికి లేదు. ఎనిమిదోది కుదిరింది. కాల్చిన ఇనుప సువ్వతో అంచుల వెంట బెజ్జాలు పెట్టి, కరెంటు పనివాళ్ళు పారేసిన అల్యూమినియం తీగతో కుట్టాను.

దాన్ని తీసుకొని ముసలాయన దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. పని తెలిసిన మనిషి ఒక్కడు చేతితో తడిమి చూస్తే చాలనిపించింది. ఆయన కుట్టు మీద వేలు పెట్టి, అడుగు దాకా పోయి, అక్కడ ఆగాడు.

"మంచిగున్నది బిడ్డా. గట్టిగున్నది. గని తోలు ఊపిరి దీస్తది. గిది తియ్యది. జర జూసుకో."

తన పని పోయిన మనిషి బాధతో అన్నాడనుకున్నాను. అడిగితే చెప్పేవాడు. అడగకుండా వచ్చాను.

మా ఆయన దాన్ని రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు ఆయన చెట్టుకు పోయే వేళకు తోలు ఒర కనిపించలేదు. మా అత్త దాని మీద కూర్చొని చుట్ట తాగుతోంది. కొత్తది కట్టుకొని పోయాడు. పొద్దుగూకే వేళకు మొహం మాడ్చుకొని వచ్చాడు.

"ఏమైంది?"

"ఏమయితది? కల్లు అమ్మే మండువ కాడ ఒక్కొక్కడు అడుగుడే. 'నడుముకు బోరేసినవా మామా, నీళ్ళు వడ్డయా?' అంటడొకడు. 'మోటరెప్పుడు వెడ్తవు బావా?' అంటడు ఇంకొకడు. నలుగుర్ల ఇజ్జత్ వోయింది."

"తొడ తెగినప్పుడు వచ్చిండ్రా వాళ్ళు?" అన్నాను.

కంచం ముందుకు లాక్కొని అన్నం తిన్నాడు. అయినా మరునాడు అదే కట్టుకున్నాడు. కత్తి కదలడం లేదని ఆయనకూ అర్థమయినట్టుంది. ఒక వారం నాకు కంటినిండా నిద్ర పట్టింది.

ఆ వారం దాటాక కల్లు పులియడం మొదలయింది. పొద్దున దింపిన కుండ ఎండెక్కక ముందే పులుపు తిరిగేది. తాగేవాళ్ళు మూతి తిప్పుకొని పాలివాళ్ళ దగ్గరికి పోయారు. కుండలు కడిగాడు, సున్నం వేశాడు, కుండలు మార్చాడు. పులుపు పోలేదు. గెలల మీద కోసిన చోట జిగురు పట్టసాగింది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి కత్తి లాగి, ఒర తీసి నా ముందర పారేశాడు.

"వాసన జూడు."

చూశాను. పాత కల్లు కుండలో మొహం పెట్టినట్టు ఉంది. గెల చెక్కిన ప్రతిసారీ కత్తికి అంటిన నీరు ఒర అడుగున చేరి అక్కడే పులుస్తోంది. ఆ పులుపే కత్తిని పట్టుకొని ప్రతి చెట్టుకూ పోతోంది. తోలు ఒరలో ఆ తడి ఆరిపోయేది. ముసలాయన చెప్పింది అదే. నేను విన్నాను గాని చెవిన పెట్టలేదు.

"ఆడిదాని చెయ్యి వడ్డ ఒర. గిట్లనే అయితది" అన్నాడు. మరునాడు తోలు ఒర, కట్టుతీగ, పేలిక మళ్ళీ ఆయన నడుముకు ఎక్కాయి. వానలు వచ్చే నెల అది. నేను రోజూ చేన్లో వంగి కలుపు తీస్తూ తాటివనం వైపు తలెత్తి చూసేదాన్ని. ఎవరైనా పరుగెత్తి వస్తున్నట్టు అనిపిస్తే కలుపు వదిలి లేచి నిలబడేదాన్ని.

ఒరను పారేయలేదు. సువ్వ కాల్చి అడుగున రెండు బెజ్జాలు పెట్టాను. బూడిదతో, వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాను. చెంబుతో నీళ్ళు పోస్తే చుక్క నిలవకుండా కారిపోయాయి. ఆయనకు చూపించాను. కత్తిని అందులో పెట్టి ఊపాడు. గలగలమంది.

"సూడు. మొదట్ల బిర్రుగుండె. ఇప్పుడు గజ్జెల లెక్క మోగుతున్నది. తలకిందులయితె కత్తి జారి బయటికే."

అప్పుడు తెలిసింది వడ్లాయన దగ్గర మేము చేసిన తప్పు. కత్తి రోజూ నూరేది. నూరిన కొద్దీ అరుగుతుంది. కొత్త కత్తి కొలతకు చేసిన ఒర నాలుగు నెలల కత్తికి పట్టదు. తోలు అయితే కత్తితో పాటు ముడుచుకుంటుంది. ప్లాస్టిక్ ముడుచుకోదు. అరిగిన కత్తి మీద నొక్కిన ఒర కావాలి. అరిగిన కత్తి ఒక్కటే ఉంది, దాన్ని నేను ముట్టకూడదు. ఆ రోజు నాకు విసుగు పుట్టింది. ఎన్నడూ లేనిది, పొయ్యి వెలిగించకుండా అరుగు మీద పడుకున్నాను. ఎక్కితే ఎక్కనీ, పడితే పడనీ అనుకున్నాను. అనుకొని కండ్ల నీళ్ళు పెట్టుకున్నాను.

మా అత్త లోపలికి పోయింది. దేవుని గూటి వెనక చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తెచ్చి నా పక్కన పెట్టింది. విప్పితే మా మామ కత్తి. ఏళ్ళ తరబడి నూరి నూరి సన్నబడి, తుప్పు పట్టి ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ముట్టు" అంది.

"ముట్టద్దంటవు గద అత్తమ్మా."

"ఎక్కేటోడు లేని కత్తి గది. దానికి ఆడలేదు, మొగలేదు." కత్తిని నా వైపు జరిపి, "మీ మామకు మోకు మార్చుకొమ్మని నేను చెప్పలే. మొగోని పనిల నాకేంది అనుకున్న" అంది. కొంగుతో ఆ కత్తి తుప్పు తుడవసాగింది.

మామ కత్తి ఆయన కత్తి కంటే కొంచెం ఎక్కువే అరిగింది. దాని మీద ఒక వరుస గుడ్డ చుడితే సరిగ్గా ఇప్పటి కొలత వచ్చింది. గింజ ఎర్రబడేదాకా ఇసుక కాచాను. ముక్క పాతిపెట్టి తీసి, మామ కత్తి మీద మడిచి, చెక్కల నడుమ పెట్టాను. నొగ మీద ఇద్దరం కూర్చున్నాము. ఆ రోజు ఆమె ఒక చుట్ట అయ్యాక రెండోది వెలిగించింది.

"సల్లారింది అత్తమ్మా, లేద్దాం."

"కూసో" అంది. ఆమె వీపు నా వీపుకు ఆని ఉంది. ఆ ఎముకలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ ఒరకు బెజ్జాలు ముందే పెట్టాను. ఆయన తన కత్తి దూరిస్తే చప్పుడు రాలేదు, బోర్లించి ఊపినా జారలేదు. మా ఆయన నాలుగైదు సార్లు ఊపి చూశాడు. దేని మీద నొక్కామో అడగలేదు. దేవుని గూటి వైపు ఒకసారి చూసి, నడుముకు కట్టుకున్నాడు. కల్లు పులుపు తగ్గింది. పోయినవాళ్ళలో సగం మంది తిరిగి వచ్చారు. మిగతా సగం రాలేదు.

వానలు పట్టుకున్నాయి. మూడు రోజుల ముసురు విడిచిన నాడు, మధ్యాహ్నం వేళ నేను గుమ్మంలో బియ్యం ఏరుతున్నాను. ఆయన నడిచి వచ్చాడు. పొద్దున వెళ్ళిన మనిషి ఆ వేళకు రాకూడదు. ఛాతీ అంతా గీసుకుపోయి ఎర్రగా ఉంది. అరచేతుల తోలు లేచింది. నా కళ్ళు తొడ మీదికి పోయాయి. పాత మచ్చ ఒక్కటే ఉంది.

గుమ్మం ముందర కూర్చొని, నడుము కట్టు విప్పి ఒరను నేల మీద పెట్టాడు. ఒక పక్క పొడుగునా పగులు. బోదెకు రాసుకున్న చోట తెల్లగా గీతలు. తీగకుట్టు ఒకటి తెగింది. కత్తి లోపలే ఉంది.

"జారిన" అన్నాడు. "పోయినసారి కన్న ఎక్కువనే జారిన. కత్తి బయటికి రాలే."

నీళ్ళు ఇచ్చాను. తాగాడు. నేను పసుపు, నూనె కలిపి తెచ్చి ఛాతీకి రాస్తుంటే కండ్లు మూసుకున్నాడు. మా అత్త వచ్చి ఆ ఒరను చేతిలోకి తీసుకొని, పగులు మీద వేలు పెట్టి, మళ్ళీ కింద పెట్టింది. ఆ కాసేపు నేను సంతోషంగానే ఉన్నాను. కానీ ఆ సంతోషం కింద పాత ఆశ ఒకటి మళ్ళీ తల ఎత్తింది. రెండుసార్లు జారాడు కదా, ఇక చాలంటాడేమో అని. నోటితో అడగలేదు. ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను.

రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు పొద్దున నేను ముంగిలి ఊడుస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఏమే, గిది పలిగింది. ఇంకోటి జెయ్యి. ఎల్లుండికి కావాలె."

చీపురు పట్టుకొని నిలబడ్డాను. నేను చేసిన ఒర ఆయన కాలు కాపాడింది. ఆ కాలుతోనే మళ్ళీ ఎక్కుతానంటున్నాడు. కాదనడానికి నా దగ్గర ఉన్న భయం ఒక్కటే, ఆ భయాన్ని నేనే చక్కగా ఒర చేసి మూసిపెట్టాను. ఇక ఏమని ఆపాలి?

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఎక్కాడు, మోకాళ్ళు వద్దనేదాకా. పాలివాళ్ళూ వచ్చి చేయించుకున్నారు, గోదావరి అవతలి చుట్టాలూ చేయించుకున్నారు. మా అత్త పోయాక నొగ మీద ఆమె చోట తిరగలి రాయి పెట్టాను. చాలా ఏళ్ళకు ఊళ్ళో పెద్దవాళ్ళ బడి పెట్టినప్పుడు అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పగిలిన ఒర ఇంకా ఉంది. దాని మీద పైపు అక్షరాలు సగం మిగిలి ఉన్నాయి. అవి తెలుగు అక్షరాలు కావు. అందుకని ఇప్పటికీ చదవలేను.

ఇంకోటి చెయ్యమన్న ఆ పొద్దున మాత్రం చీపురు మూలకు పెట్టి, కుండ అడుగు దించి, ఇసుక పోశాను. మా అత్తను పిలవలేదు. తానే చుట్ట చెవికి పెట్టుకొని వచ్చి నొగ పక్కన నిలబడింది. నాలుగు జొన్నగింజలు ఇసుక మీద వేశాను. వేయగానే పేలాయి. కాక ఎక్కువయింది. కట్టెలు వెనక్కి లాగి, మళ్ళీ నాలుగు గింజలు చేతిలో పట్టుకొని కూర్చున్నాను. పెరట్లో ఆయన కత్తి నూరుతున్న చప్పుడు మొదలయింది.